మూడో తరగతి ముల్లంగులు

బడి, స్టాఫ్ రూము
జూలై 3

అక్కా,

కవరు మీద నా చేతిరాత చూసి చింపెయ్యకు. చదివాక చింపుకో. నాతో జన్మలో మాట్లాడనని బావ ముందు ఒట్టేశావు గానీ, ఉత్తరం చదవనని వెయ్యలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఫోన్ చేస్తే బావ ఎత్తి, "మీ అక్క స్నానానికెళ్ళిందమ్మా" అంటాడు. రెండేళ్ళుగా నువ్వు స్నానం చేస్తూనే ఉన్నావు.

అసలు సంగతి చెప్తాను. మా బడి వెనక, వంటగదికీ ప్రహరీగోడకీ మధ్య కాస్త ఖాళీ జాగా ఉంది. మా పిల్లలు ఆడుకునేది అక్కడే. మా పెద్దటీచరు దాన్ని సిమెంటు చేయించి స్కూటర్లకి షెడ్డు వేయిస్తానంటోంది. మధ్యాహ్నం ఎండకి ఆవిడ స్కూటరు సీటు కాలిపోయి, ఇంటిదాకా సగం నిలబడి నడపాల్సి వస్తోందట. మీటింగులో అందరూ తలలూపారు. నా నోరు ఊరుకోదు కదా, "అక్కడ పిల్లల చేత కూరగాయలు పండిద్దామండీ" అన్నాను. "మీకు వచ్చా?" అంది. "మా అక్క ముప్ఫై ఏళ్ళుగా నారు పోసి అమ్ముతోంది, మా రక్తంలోనే ఉందండీ" అనేశాను.

ఆవిడ షరతు పెట్టింది. అక్టోబరు ఆఖరి సోమవారం ఆ మళ్ళలో పండినదానితోనే సూపు కాచి బడి మొత్తానికి, అంటే నూట పన్నెండు మందికి, తలో గరిటె పొయ్యాలి. పోస్తే జాగా పిల్లలది. లేకపోతే మేస్త్రీ వచ్చేస్తాడు. ఈ మాట నా మూడో తరగతి పిల్లలకి చెప్పాను. ముప్ఫై ఒక్క మంది అప్పటి నుంచి నన్ను దేవతని చూసినట్టు చూస్తున్నారు. నాకేమో అన్నం సయించడం లేదు.

బావ కంటి ఆపరేషనుకి మీరు ఆస్పత్రిలో ఉన్న పది రోజుల్లో నీ టమాటా నారు మూడు మళ్ళు నా చేతుల మీదుగా చచ్చిపోయిన మాట నిజమే. నువ్వు చెప్పినట్టే రోజూ నీలం డబ్బాతో నీళ్ళు చల్లాను. ఎందుకు చచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆ కోపం నామీద ఉంచుకో, పిల్లల మీద చూపించకు. ఏం విత్తాలో చెప్పు.

నీ చెల్లెలు


నారుమళ్ళ దగ్గర నుంచి
జూలై 12

మూడో తరగతి టీచరు గారికి,

మీ ఉత్తరం చేరింది. ఇది జవాబు అనుకోకండి. పిల్లలు అడిగారు కాబట్టి వాళ్ళకి ఇస్తున్న సలహా మాత్రమే.

టమాటా, వంకాయ జోలికి పోవద్దు. అవి మీవంటి వాళ్ళ కోసం పుట్టలేదు. పాలకూర, కొత్తిమీర, పుదీనా, ముల్లంగి చాలు. ముందు నేల గుల్ల చేసి, రాళ్ళూ ఇటుక ముక్కలూ ఏరి పారెయ్యండి. దీనికే నెల పడుతుంది. కొత్తిమీర గింజల్ని రెండుగా నలిపి చల్లాలి. పుదీనా కొమ్మ గుచ్చితే చాలు, మనిషి ఎంత చెడగొట్టినా బతుకుతుంది. మీకు తగిన మొక్క అది. ముల్లంగిని విత్తినచోటే పెరగనివ్వాలి, నారు పోసి నాటకూడదు.

విత్తనాలు మీ బావ పంపుతున్నారు. వాటితో నాకేం సంబంధం లేదు.

పాత సంగతి మళ్ళీ ఎత్తకండి. డబ్బా సంగతి అసలే ఎత్తకండి. జరిగిందేదో జరిగింది.

ఇట్లు
నారు అమ్ముకునే మనిషి


బడి, మళ్ళ గట్టు మీద
సెప్టెంబరు 24

అక్కా,

విత్తనాల పొట్లాల మీద బావ చేతిరాత అచ్చం నీ చేతిరాతలాగే ఉంది. "దగ్గర దగ్గరగా చల్లి చావకు" అని కూడా రాశాడు. బావ నన్ను ఎప్పుడూ అమ్మా అనే తప్ప అలా అనడే అని ఆశ్చర్యపోయాను.

జూలై, ఆగస్టు నెలలు రాళ్ళు ఏరడానికే సరిపోయాయి. ఒక చెప్పు, మూడు గోళీలు, ఎవరిదో కట్టుడు పన్ను దొరికాయి. పన్ను తనదేనని ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు. సెప్టెంబరు ఒకటిన విత్తాం. పాలకూర బాగా వచ్చింది. కొత్తిమీర మొలిచిన రోజు మా వంటమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి చూసింది. పుదీనా గట్టు దాటి కుళాయిదాకా పోయింది.

ముల్లంగి మాత్రం పిల్లకొకటి లెక్కన వేశాం. ప్రతిదానికీ ఓ పుల్ల, పుల్లకి ఓ నంబరు. పొద్దున పిల్లల హాజరు అవగానే ముల్లంగుల హాజరు. ఎవరి ముల్లంగి తరఫున వాళ్ళే పలకాలి. ఓ రోజు కళ్ళద్దాల పాప జ్వరమొచ్చి రాలేదు. దాని ముల్లంగి వచ్చినట్టా రానట్టా అని అరగంట కొట్టుకున్నారు.

కానీ ఆ ముల్లంగులకే ఏదో అయింది అక్కా. సోమవారం సాయంత్రానికి అన్నీ ఒకేసారి తలలు వాల్చేస్తున్నాయి. శుక్రవారానికి తేరుకుంటాయి. మళ్ళీ సోమవారం అదే తంతు. మూడు వారాలుగా ఇదే వరస. అవి పోతే సూపులో పాలకూర నీళ్ళే మిగులుతాయి, జాగా షెడ్డు పాలవుతుంది. నాకు భయంగా ఉంది.

నీ చెల్లెలు


నారుమళ్ళ దగ్గర నుంచి
సెప్టెంబరు 28

టీచరు గారికి,

ముప్ఫై ఏళ్ళలో సోమవారం మాత్రమే వచ్చే తెగులు నేను చూడలేదు. కింది వాటికి జవాబు రాయండి. వంటమ్మ వేడి గంజి అక్కడ పారబోస్తోందా? ఆదివారం నీళ్ళెవరు పోస్తున్నారు? ఆకు వెనక పురుగుందా? ఎవరైనా సబ్బు నీళ్ళు పోశారా? మీ పెద్దటీచరు షెడ్డు కోసం ఏమైనా చేయిస్తోందా? నాకు ఆవిడ మీదే అనుమానం.

ఇంతకీ సోమవారం మీ బడిలో ఏం జరుగుతుంది? ఏదీ దాచకుండా రాయి. నిన్న బావ కూడా అన్నం ముందు కూర్చుని "సోమవారమేంటి చెప్మా" అంటూ ఆలోచిస్తున్నారు. మా ఇంట్లో పనులు ఆగిపోయాయి.

అక్క


బడి, స్టాఫ్ రూము
అక్టోబరు 1

అక్కా,

"రాయి" అన్నావు. చివర "అక్క" అని కూడా ఉంది. మూడుసార్లు చదువుకున్నాను.

గంజి పొయ్యడం లేదు. ఆదివారం వంటమ్మే నీళ్ళు పోస్తుంది. పురుగుల్లేవు. పెద్దటీచరు అటువైపు రావడమే లేదు, పుదీనా వాసనకి తుమ్ములొస్తాయట.

సోమవారం ఏమీ జరగదు, లెక్కల పాఠం తప్ప. కొలతలు చెప్తున్నాను కదా, పుస్తకంలో ఉన్న పెన్సిలు బొమ్మలు కొలిచే బదులు తోటనే వాడుకుంటున్నాను. పిల్లలు ఎంత చక్కగా రాస్తున్నారో నువ్వే చూడు, ఒక పాప నోటుపుస్తకంలోని కాగితం జతచేస్తున్నాను. మొదటి వారం వేరు రెండు సెంటీమీటర్లు. రెండో వారం మూడున్నర. మూడో వారం నాలుగు. పక్కన వేరు బొమ్మ కూడా ఉంది. కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పించాను. ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత బాగా నేను ఏ పాఠమూ చెప్పలేదు.

నీ చెల్లెలు


నారుమళ్ళ దగ్గర నుంచి
అక్టోబరు 5

ఒసేయ్,

వేరు నేల లోపల కదా ఉండేది. దాన్ని కాగితం మీద ఎలా పెట్టారు?

ప్రతి సోమవారం పీకి, కొలిచి, మళ్ళీ పాతిపెడుతున్నారా? ముప్ఫై ఒక్కటీనా?

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బావకి చదివి వినిపిస్తే ఆయన బయటికెళ్ళి గోడకి ఆనుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని వచ్చారు. ఆపరేషనైన కన్ను, ఎక్కువ నవ్వకూడదు.

విత్తినచోటే పెరగాలని రాశానా లేదా? ఇవాళ్టి నుంచి వాటిని ముట్టుకున్నవాళ్ళ చేతులు విరగ్గొడతానని అక్క చెప్పిందని చెప్పు. ముందు నీ చేతులతో మొదలుపెడతాను. మొక్కల మొదళ్ళలో మట్టి ఎగదొయ్యండి. రోజు విడిచి రోజు నీళ్ళు. కొలిచే దురద తీరకపోతే ఆకుల్ని కొలవమను. అవి బతుకుతాయో లేదో నేను మాటివ్వలేను. బతికినా వంకర తిరిగిపోతాయి.

అక్క


బడి, మళ్ళ గట్టు మీద
అక్టోబరు 15

అక్కా,

పాఠం ఆపేశాను. పిల్లలకి నా తప్పేనని చెప్పాను. మొదటి సోమవారం స్కేళ్ళు పట్టుకుని మడి చుట్టూ నిలబడ్డారు గానీ ఎవరూ ముట్టుకోలేదు. పళ్ళూడిన పిల్ల ఒకతి నేలకి చెవి ఆనించి, "లోపలే ఉంది టీచర్" అంది.

తలలు వాల్చడం ఆగింది. ఆకులు నిలబడ్డాయి. కింద ఏముందో మాత్రం తెలియదు. ఇరవై ఏడో తారీఖు సోమవారం పీకాలి. పెద్దటీచరు మేస్త్రీని పిలిపించి కొలతలు కూడా తీయించింది. ఆయన టేపు పట్టుకుని వస్తే పిల్లలు దారి ఇవ్వలేదు.

ఒక్కసారి వచ్చి చూడవూ? నీతో మాట్లాడాలనుంది. తోట సంగతే అని కాదు.

నీ చెల్లెలు


నారుమళ్ళ దగ్గర నుంచి
అక్టోబరు 19

చెల్లీ,

రావడం కుదరదు. నారుకి గిరాకీ ఉన్న రోజులివి, ఊపిరి సలపడం లేదు.

ఆదివారాలు మీ బడి గేటుకి తాళం వేస్తారా? వంటమ్మ ఎన్నింటికి నీళ్ళు పోస్తుంది? ఊరికే అడుగుతున్నాను.

అక్క


బడి, స్టాఫ్ రూము
అక్టోబరు 22

అక్కా,

తాళం వంటమ్మ దగ్గరే ఉంటుంది. ఆదివారం ఏడింటికి వచ్చి ఎనిమిదింటికల్లా వెళ్ళిపోతుంది. నీళ్ళ సంగతి ఇంత పట్టించుకుంటున్నావంటే నాకెంత ధైర్యంగా ఉందో.

నీ చెల్లెలు


బడి
అక్టోబరు 27

నారుమళ్ళ యజమానురాలు గారికి,

ఇవాళ జరిగింది మీకు తెలియాలి.

పదింటికి బడి మొత్తం మళ్ళ చుట్టూ చేరింది. పెద్దటీచరు కుర్చీ వేయించుకుంది. నేను ఒకటో నంబరు ముల్లంగిని పీకించాను. జానెడున్నర పొడవు, పాలలాంటి తెలుపు, బారుగా, నున్నగా ఉంది. నూట పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు. పెద్దటీచరు కుర్చీలోంచి లేచింది. నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఒకటో నంబరు పిల్ల మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాది కాదు టీచర్" అంది. రెండోది పీకాం. "నాదీ కాదు. నాదానికి రెండు కాళ్ళుంటాయి." మూడోది. "నాది మెడ దగ్గర వంగి ఉంటుంది." కళ్ళద్దాల పాప నోటుపుస్తకం తెచ్చి బొమ్మ పక్కన పెట్టి చూపించింది. ముప్ఫై ఒకటీ పీకేసరికి ముప్ఫై ఒక్కమందీ ఏడుస్తున్నారు, మా ముల్లంగులేవని.

పెద్దటీచరు బొమ్మలు చూసింది, ముల్లంగుల్ని చూసింది, నన్ను చూసింది. "బజారులో కొని పాతిపెట్టారా?" అంది. నేను కాదన్నాను. ఎవరు నమ్ముతారు? ముల్లంగులన్నీ సాక్ష్యం కింద ఆవిడ బల్ల మీదున్నాయి. సూపు లేదు. వచ్చే సోమవారం మేస్త్రీ వస్తాడు.

వంటమ్మ ఇప్పుడే చెప్పింది, నిన్న పొద్దున్న ఒకావిడ గోనెసంచీతో వచ్చి, టీచరు అక్కనని చెప్పి, తాళం తీయించుకుందట. ఆ గొంతు అచ్చం నా గొంతులాగే ఉందట.

అవి ఎంత వంకరవైనా వాళ్ళవి. ఇవాళ ఆ పిల్లల మొహాలు చూడలేకపోయాను. మీరిలా ఎందుకు చేశారు?

మూడో తరగతి టీచరు


నారుమళ్ళ దగ్గర నుంచి
అక్టోబరు 29

చెల్లీ,

అవును, నేనే.

చూసి పోదామనే వచ్చాను. సంచీలో మా ముల్లంగులు ఎందుకున్నాయంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మట్టి కదిపి చూస్తే ఒక్కోటీ నా చిటికెన వేలంత, ముడతలు, మెలికలు. వీటితో మా చెల్లి ఏం సూపు కాస్తుంది, నలుగురిలో తల దించుకుంటుందని మనసు ఆగలేదు. అక్కడికక్కడే ముప్ఫై ఒకటీ మార్చేశాను. పిల్లలు గుర్తుపడతారని కల్లో కూడా అనుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా లక్ష మొక్కలు అమ్మాను, అందులో ఒక్కదాన్ని కూడా నేను గుర్తుపట్టలేను.

వాళ్ళవి పారెయ్యలేదు. తడి ఇసుకలో పెట్టి ఉంచాను. ఎందుకో పారెయ్య బుద్ధి కాలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, ఈ చేత్తోనే రాసేస్తాను. నా టమాటా నారుని చంపింది నువ్వు కాదు. ఆస్పత్రికి వెళ్ళే ముందు బావ ఆ నీలం డబ్బాలో కలుపు మందు కలిపి వాడి, కడగడం మర్చిపోయారు. నువ్వు నేను చెప్పినట్టే చేశావు. ఆయన ఈ సంగతి ఒప్పుకుని ఎనిమిది నెలలైంది. అన్ని మాటలన్నాక నీకు ఫోన్ చేసి తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గు. ఆ సిగ్గుతోనే స్నానాలు చేస్తూ కూర్చున్నాను.

శనివారం ఇసుక బుట్టతో వస్తున్నాను. మీ పెద్దటీచరుకి నేనే చెప్తాను. రెండింటి బస్సుకి మళ్ళీ వెనక్కి రావాలి, నారుకి నీళ్ళు పెట్టే మనిషి లేడు. బావని నమ్మలేను.

అక్క


బడి, స్టాఫ్ రూము
నవంబరు 1, సాయంత్రం

అక్కా,

నువ్వు బస్సెక్కాక ఏం జరిగిందో చెప్పాలి కదా. పోస్టులో వేళకి అందదని ఈ ఉత్తరం మీ ఊరి ఆఖరి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

నువ్వు వెళ్ళేముందు పెద్దటీచరు "ఇవి కూడా మీ తోటలోవి కావని నమ్మకమేంటి?" అని అడిగితే, "ఇంత వంకర ముల్లంగి నా మళ్ళో ఒక్కటి పండినా నేను ఈ పని మానేస్తానండీ" అన్నావే, ఆ మాటకి ఆవిడ మెత్తబడినట్టే కనిపించింది. కానీ ఊరుకునే మనిషి కాదు. నోటుపుస్తకాలన్నీ తెప్పించి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్కో ముల్లంగినీ బొమ్మ మీద పెట్టి చూసింది. అవి కాస్త లావయ్యాయి గానీ ఏ వంకరా మారలేదు. రెండు కాళ్ళది దొరికినప్పుడు, "ఇదిగో, దొరికింది" అని గట్టిగా అరిచి తనే సిగ్గుపడింది. బెల్లు కొట్టినా లేవలేదు. ముప్ఫై ఒకటీ సరిపోయాయి.

"గడువు దాటితే దాటింది, మరి సూపు?" అంది. షరతు నూట పన్నెండు గరిటెలు కదా. వంటమ్మ అన్నిటికంటే పెద్ద గిన్నె దింపింది. ముల్లంగి దుంపలు, నీ బుట్టలో వచ్చిన వాటి ఆకులు, పాలకూర మొత్తం, కొత్తిమీర, పుదీనా వేసింది. మిగతాదంతా నీళ్ళే. తమ ముల్లంగి గిన్నెలో పడుతుంటే నలుగురు ఏడ్చారు. తర్వాత తమ ముక్క ఎవరి గరిటెలో వచ్చిందోనని వెతికారు. అందరికీ తలో గరిటె వచ్చింది. పెద్దటీచరు ఓ గరిటె తాగి, తుమ్మి, "ఉప్పు తక్కువైంది. షరతు నెగ్గింది" అంది.

నువ్వు పిల్లల ముందు నిలబడి "తప్పు నాది, నన్ను క్షమించండి" అన్నప్పుడు వాళ్ళనే చూస్తూ అన్నావు. సగం నాకేనని నాకు తెలుసు. రెండేళ్ళుగా నా చేతిలో ఏదో చెడు ఉందనుకుని ఇంట్లో పూలకుండీ కూడా పెట్టుకోలేదు. నీమీద చాలా కోపం వచ్చింది అక్కా. నీ ఉత్తరం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఇవాళ ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని గేటులోంచి వస్తుంటే చూశాను, ఇక ఏ కోపమూ దొరకలేదు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. పెద్దటీచరు నన్ను పక్కకి పిలిచి, "జాగా పిల్లలదే. కానీ మీ చేతికి మాత్రం అప్పగించను. మళ్ళీ ఏదో పాఠమని పీకించేస్తారు. వారానికో రోజు మీ అక్కగారు వచ్చి చూసుకుంటానంటేనే మేస్త్రీకి వద్దని చెప్తాను" అంది. ప్రతి శుక్రవారం వస్తుందని నేను మాటిచ్చేశాను. నిన్ను అడగలేదు. నా నోటి సంగతి నీకు తెలుసుగా. మేస్త్రీని మంగళవారం దాకా ఆపింది, ఆలోపు ఏదో ఒక మాట చెప్పమంది. నువ్వు రానంటే నేను చేయగలిగేది ఏమీ లేదు.

నీ చెల్లెలు


నారుమళ్ళ దగ్గర నుంచి
నవంబరు 2

చెల్లీ,

ఇది పోస్టులో ఆలస్యమవుతుందని బావ చేతికిచ్చి పంపుతున్నాను. ఆయనకి కాఫీ ఇవ్వు, మళ్ళ దగ్గరికి మాత్రం రానివ్వకు.

శుక్రవారం కుదరదు, ఆ రోజు నారు సంత. గురువారం వస్తాను. ప్రతి గురువారం. బస్సు పదకొండుకి దిగుతుంది. గేటు దగ్గర నిలబడు.

అక్క